ముగ్గురికి ఒకే అంగీ

అనగనగా, కొండ నీడ పడే ఒక ఊళ్ళో పారమ్మ అనే కుట్టుపని పిల్ల ఉండేది. ఆ ఊరి మునసబు ఒక కట్టడి పెట్టాడు చిన్నీ. చిరుగుల బట్టతో ఎవరూ తాను తీర్పు చెప్పే కచేరీ గడప తొక్కకూడదు. పైగా ముగ్గురొచ్చి చెబితేనే ఫిర్యాదు చెల్లుతుంది. కూలోళ్ళకి చిరుగులేని బట్ట ఎక్కడిదీ? అందుకే వాళ్ళెవరూ ఎన్నడూ నోరు విప్పలేదు. ఆయనకి కావలసిందీ అదే.

అప్పుడు ఆయన కన్ను కూలిపేట ఊటబావి మీద పడింది. ఆ నీళ్ళు తన మామిడితోటకి కావాలన్నాడు. ఆ రోజు సాయంత్రంలోగా కచేరీకొచ్చి ఎవరూ కాదనకపోతే మర్నాడు బావి చుట్టూ గోడ లేస్తుంది. పేటకి ఇంకో బావి లేదు.

పారమ్మ దగ్గర వాళ్ళమ్మమ్మ నాటి కాగితం ఒకటుంది. మెడ నుంచి మడమ దాకా వచ్చే అంగీకి బొగ్గుతో గీసిన కొలత అది. పక్కన నాడాలు లాగి కట్టుకుంటే బక్కవాళ్ళకీ పడుతుంది, బొద్దువాళ్ళకీ పడుతుంది. పొలానికీ అదే, సంతకీ అదే, పెళ్ళికీ అదే.

పారమ్మ, పక్కింటి నూకాలు, ఎదురింటి పైడమ్మ కలిసి కూలి కింద వచ్చిన ముతక గుడ్డ పరిచారు. ఒక్క అంగీకే సరిపోయేంత గుడ్డ.

"ఒకరి తర్వాత ఒకరం తొడుక్కుని వెళ్దాం," అంది పారమ్మ.

అప్పుడు కాగితం పెట్టి కత్తిరించింది. ఎత్తి చూస్తే ముందు భాగం రెండు ముక్కలై వేలాడింది! ఆ కాగితం సగం అంగీదే తల్లీ. దాని నిలువు అంచు గుడ్డ మడత మీదికి రావాలి, ఆ మడతని కోయకూడదు. పారమ్మ తొందరలో మడతనే కోసేసింది.

"కొంప ముంచావు కదే!" అంది నూకాలు.

రెండు ముక్కలూ కలిపి కుడితే, కుట్టులోకి గుడ్డ పోయి ఇరుకైపోతుంది. పైడమ్మ అందులో దూరదు.

"పోనీ నేను మానేస్తాలే," అంది పైడమ్మ. "ఈ ఒంటికి అంగీ ఏం చాలుతుంది, గోనెసంచి కావాలి."

ఎవరూ నవ్వలేదు. ఇద్దరు చెబితే చెల్లదు. ఎండ అప్పుడే గుమ్మం దాటిపోయింది.

పారమ్మ మళ్ళీ కత్తెర పట్టింది. చేతులకని ఉంచిన గుడ్డలో సగం కోసి, ఆ రెండు ముక్కల మధ్య నిలువు పట్టీ వేసింది.

"చేతులు పొట్టివైతే అవనీ," అంది.

ముగ్గురూ మూడు సూదులు పట్టారు.

పొద్దు కొండ మీదికి వాలేసరికి నూకాలు అంగీ తొడుక్కుని కచేరీలోకి వెళ్ళింది. గుమ్మం దగ్గర పేర్లు రాసుకునే కరణం ఆ పట్టీ పట్టి లాగి చూశాడు.

"ఇది అతుకు కాదూ?"

"చిరిగితే వేసేది అతుకు బాబూ. ఇది కత్తెర పడ్డ కొత్త గుడ్డ."

నూకాలు చెప్పాల్సింది చెప్పి బయటికొచ్చింది. ఆ తర్వాత గోడ చాటున అంగీ మార్చుకుని పైడమ్మ వెళ్ళింది. నాడాలు వదులు చేస్తే సరిగ్గా పట్టింది. ఆ తర్వాత పారమ్మ వెళ్ళింది.

ఆమె గడప దాటగానే మునసబు లేచి నిలబడ్డాడు.

"ఆగక్కడ! ఇది ఆ ఇద్దరూ వేసుకొచ్చిన అంగీయే. ఒక బట్టకి ఒక్క మాటే!"

గడప బయట పేటంతా గుమిగూడి చూస్తోంది.

"మాట్లాడేది బట్టేనా అయ్యా?" అంది పారమ్మ. "అయితే దీన్నే అడగండి."

నాడాలు విప్పింది. అంగీ తీసి మునసబు ముందున్న బల్ల మీద పెట్టింది. లోపల ఆమె ఒంటి మీద చిరుగుల చీర.

అంగీ ఏమీ చెప్పలేదు. పారమ్మే చెప్పింది.

"తాగే వాళ్ళదే బావి."

అప్పుడు గడప అవతల నుంచి ఒక ముసలమ్మ లోపలికి వచ్చింది, చిరుగుల చీరతోనే. ఆమె వెనక ఇంకొకరు. ఆ తర్వాత ఇంకొకరు. కచేరీలో కాలు పెట్టే చోటు లేదు. మునసబు ఎవరినని ఆపుతాడు? కరణం తలొంచుకుని వచ్చినవాళ్ళ పేర్లన్నీ ఫిర్యాదు కింద రాసుకుంటూ పోయాడు.

మర్నాడు గోడ లేవలేదు. పేట ఆడవాళ్ళు బావిలో చేద వేశారు.

కథేమో కంచి దారి పట్టింది,
నిద్రేమో మనింటి తలుపు తట్టింది.