నక్క చెప్పిన ధైర్యం

సాయంత్రం. సన్నటి తుంపర. వాగు మీద ఆవిరి తేలుతోంది. అవతలి గట్టున దొడ్డి కలలో కనబడ్డట్టు కనబడుతోంది.

మేత ముగించుకుని మంద వాగు దగ్గరికి వచ్చింది. తెల్ల గొర్రెలు పై రేవున, పరిచిన రాళ్ల మీద దాటుతాయి. నల్ల గొర్రెలు కింది రేవున బురదలో దిగాలి. నల్లవి ఎక్కితే రాళ్లకు మసి అంటుతుందని ఎవరో ఎప్పుడో అన్నారు. అదే కట్టుబాటైంది.

రెండు రేవుల మధ్య బండ మీద నక్క కూర్చుని పిల్లలకు మంచిమాటలు చెబుతోంది. రోజూ ఉన్నదే.

"దాటగలనని గట్టిగా అనుకోండర్రా. అనుకున్నవాళ్లు దాటుతారు. అనుమానపడ్డవాళ్లు మునుగుతారు. అంతే!"

"నిజమే మామా," అంది ఒక తెల్ల పిల్ల. "నిన్న వణుక్కుంటూ ఎక్కాను, జారాను. ఇవాళ గట్టిగా అనుకున్నా. చెంగున దాటేశా."

"విన్నారా!"

కాటుక అనే నల్ల గొర్రె కూడా వింది. కిందటి వానల్లో దాని పెద్దకొడుకు ఇదే మాట అనుకుంటూ అందరికంటే ముందు దిగాడు. వాడి వెనక వణుకుతూ ఇంకొకడు దిగాడు. ఇద్దరూ రాలేదు. బురద ఇద్దరికీ ఒకే లోతు.

మునిగినవాళ్లు దిగువకు కొట్టుకుపోయేవారు. రాత్రిళ్లు దిగువకు వెళ్లొచ్చే నక్క మాత్రం నానాటికీ నున్నబడేది.

ఇప్పుడు కూతురు గజ్జె ముందుకు దూకబోయింది.

"నేను దాటగలనమ్మా. తప్పుకో."

"గలవు తల్లీ. ఆగు."

కాటుక నక్క వైపు తిరిగింది. "మామా, మావాళ్లకు గురి కుదరడం లేదు. నువ్వొకసారి మా రేవున దాటి చూపించు."

"నేనా? నాకు దాటడం కొత్తా ఏమిటమ్మా?"

"కొత్త కాదనే అడుగుతున్నా. నీ అంత ధైర్యం ఇంకెవరికుంది?"

తెల్ల పిల్లలూ కేకలేశాయి. "దిగు మామా, దిగు!"

నక్క ఎప్పుడూ రాళ్ల మీదే దాటేది. అదంతా తన ధైర్యమేనని దానికీ నమ్మకం. తోక పైకెత్తి బురదలో దిగింది.

మోకాళ్లు మునిగాయి. పొట్ట మునిగింది. మెడ దాకా వచ్చింది.

"గట్టిగా అనుకో మామా!" అంది గజ్జె.

"అనుకుంటున్నానే!"

"ఇంకా గట్టిగా!"

"అనుకుంటే ఏమొస్తుందే! రాయి! కాళ్ల కింద రాయి వేయండి!"

తుంపర పడుతూనే ఉంది.

తెల్ల మందకు పెద్ద అయిన పొట్టేలు ఆ మాట విని అలాగే నిలబడిపోయింది. తర్వాత ఒక రాయిని కొమ్ములతో కిందికి దొర్లించింది. నక్క దాని మీదికి పాకి, ఒళ్లంతా బురదతో, ఎవరి మొహమూ చూడకుండా పొదల్లోకి పోయింది.

"కాటుకా, పిల్లల్ని ఇటు తీసుకురా," అంది పొట్టేలు.

"మరి మసి?"

"ఇంతసేపు తుంపరలో తడిశావు. నీ ఒంటి నుంచి ఒక్క నల్ల చుక్కైనా కారిందా?"

నల్ల మంద రాళ్లెక్కింది. డెక్కల చప్పుడు ఆవిరిలో మెత్తగా వినబడింది.

ధైర్యం చాలదని ఎవరినైనా అనేముందు, వాళ్ల కాళ్ల కింద రాయి ఉందో బురద ఉందో చూడాలి.

దొడ్డి వాకిట్లో కాటుక ఒక్కొక్కరినీ ముక్కుతో తాకింది. గజ్జె. చుక్కది. కుంటిది. కవలలిద్దరూ. చివరిగా ముసలి అత్త.

ఇంకోసారి మొదటినుంచి తాకింది. అందరూ ఉన్నారు.