వేపపుల్లతో తిప్పిన పుటలు

పిల్లలూ, మీరు ఎజ్రా అయ్యగారిని ఎరగరు. ఈ దూరపు ఊళ్ళో ఆయన మాట మీకు చెప్పేవాళ్ళూ లేరు. ఎవరైనా పుస్తకం పేరు అడిగితే, అది ఎవరింట్లో ఉందో చెప్పడం ఆ పాదిరిగారి అలవాటు.

మా పేటలో మశూచి తిరిగిన ఏడు, నలభై రోజులపాటు అవసరమైతే తప్ప ఎవరూ ఇల్లు కదలవద్దన్నారు. మూడో రోజు సాయంత్రం ఆయన శిష్యుడు బర్నబా ముక్కుకు కండువా కట్టుకొని ఆయన గేటు బయట నిలబడ్డాడు. అతనికి ఇద్దరు పసిపిల్లలు.

"అయ్యగారూ, ఇంట్లో కూర్చున్నకొద్దీ భయం పెరుగుతోంది. పిల్లలకు చదివి వినిపించడానికి మంచి భక్తి పుస్తకం ఒకటి చెప్పండి."

"ఒకటుంది. తుఫానులో దారి తప్పిన పడవవాడు ప్రభువుకు మొరపెట్టుకున్న కథ. సంతోషమ్మ దగ్గరుంది. వెళ్ళి తెచ్చుకో."

బర్నబా ఒక అడుగు వెనక్కు వేశాడు. సంతోషమ్మ ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చదివి వినిపించే బైబిలు స్త్రీ. ఆమెకు మశూచి సోకి అప్పటికి అయిదు రోజులు. ఆమె తలుపు మీద సున్నంతో గుర్తు కూడా పెట్టారు. అయినా గురువు మాట కాదనలేక వెళ్ళి, వాకిట్లో దూరంగా నిలబడి పిలిచాడు. కిటికీలోంచి పుస్తకం అరుగు మీద పడింది.

"తీసుకుపో నాయనా. నా కళ్ళు పూడుకుపోయాయి. పడవవాడు ఒడ్డు చేరాడో లేదో, ఆ ఒక్కటీ చెప్పి వెళ్ళు."

అది అతనికీ తెలియదు. తెలియాలంటే పుస్తకం తెరవాలి. చెయ్యి చాపాడు, ఇంట్లో చిన్నదాని బుగ్గలు గుర్తొచ్చి వెనక్కు తీసుకున్నాడు. చివరికి ఒక వేపపుల్ల విరిచి, అరుగుకు ఎడంగా నిలబడి, దానితో ఒక్కొక్క పుటా తిప్పుతూ బిగ్గరగా చదవసాగాడు.

"ఏమిట్రా ఆ గీకుడు? పుల్లతోనా? పామనుకున్నావా?" అని నవ్వబోయి ఆమె దగ్గింది. ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు. బర్నబా చేతిలో పుల్లయినా పారెయ్యకుండా అయ్యగారి గేటుదాకా పరుగెత్తాడు.

"నా వల్ల కాదు అయ్యగారూ. నాకేమైనా అయితే నా పిల్లలు... పడవ ఇంకా నడిసముద్రంలోనే ఉంది. పదకొండు పుటలు మిగిలాయి. ఆమె రేపటిదాకా ఉంటుందో ఉండదో. నాలాంటి పిరికివాడు చదవదగ్గది ఇంకేదైనా ఉంటే చెప్పండి."

అయ్యగారు అతని చేతిలోని పుల్లను చూపించారు.

"పుల్లతో తిప్పినా పుట తిరిగింది కదా, బర్నబా. పొద్దింకా గూకలేదు."

బర్నబా ఆ పుల్లతోనే సంతోషమ్మ వాకిట్లోకి తిరిగి వెళ్ళాడు. పిల్లలూ, ఇది మీ తర్వాతివాళ్ళకు చెప్పండి. చెప్పేటప్పుడు అతను భయపడలేదని మాత్రం చెప్పకండి.