నెల తప్పిన మాట

డాక్టర్ వకుళాదేవిగారికి ఒక అలవాటు ఉంది. తన పరిశోధనలో చేరమని ఏ ఆడమనిషిని అడిగినా, ముందుగా "ఈ సంగతి మాకింకా తెలీదమ్మా" అని చెప్పి, ఆ తర్వాతే మిగతా మాటలు మొదలుపెడతారు. విశాఖపట్నంలో ఆవిడ పనిచేసే క్యాన్సర్ ఆస్పత్రిలో చిన్న డాక్టర్లందరూ ఆవిడను పెద్దమేడం అంటారు. అంతటి మనిషి నోటి వెంట రోగుల ముందు ఆ మాట రావడం వాళ్ళకు కొంచెం నామోషీగానే ఉండేది. పైకి ఎవరూ అనేవారు కారు.

ఆవిడ తెలుసుకోవాలనుకుంటున్నది పెద్ద చిక్కు ప్రశ్నేమీ కాదు, ఏ ఇంట్లోనైనా పుట్టే ప్రశ్నే. రొమ్ము క్యాన్సర్ వచ్చి, ఆపరేషనూ కీమో ముగించుకుని, జబ్బు తిరగబెట్టకుండా ఏళ్ళ తరబడి రోజుకో మాత్ర వేసుకునే పడుచువాళ్ళు ఉంటారు. ఆ మాత్ర మింగినన్నాళ్ళూ కడుపు రాకూడదు, బిడ్డకు చేటు. మరి మధ్యలో కొంతకాలం మాత్ర ఆపి బిడ్డను కంటే తల్లికి ఏమవుతుంది? ఈ పనిలో ఆవిడ దగ్గర చేరిన శిష్యురాలు మృణాళిని. హైదరాబాదులో పుట్టి పెరిగిన పిల్ల. చురుకైనది, మనసు వెన్న. ఎదుటివాళ్ళు దిగులుపడుతుంటే చూడలేక ఏదో ఒక ధైర్యం చెప్పేసే రకం.

ఒకనాడు ఓపీ తలుపులు తీయకముందే ఆ అమ్మాయి మనసులో మాట అడిగేసింది.

"కోపం తెచ్చుకోకండి మేడం. మన దగ్గరికి వచ్చేవాళ్ళు అప్పటికే సగం ప్రాణంతో వస్తారు. వాళ్ళకు కావలసింది ధైర్యం. డాక్టరే తెలీదంటే ఇంక దేన్ని పట్టుకుని బతకాలి వాళ్ళు?"

పెద్దమేడం కళ్ళజోడు తీసి, చీర కొంగుతో తీరిగ్గా తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "కుర్చీ ఇటు జరుపుకో. ఇవాళ మాట్లాడడం నీ వంతు. నేను ఊరికే వింటాను" అన్నారు. ఇదేం జవాబో మృణాళినికి బోధపడలేదు. అయినా కుర్చీ జరుపుకుంది.

కాసేపటికి పలాస నుంచి అప్పలనర్సమ్మ వచ్చింది. జీడిపిక్కలు కొట్టే పని ఆమెది. జీడి అంటుకుని వేళ్ళ కొసలు నల్లబడి ఉంటాయి. పెళ్ళయి చాలాకాలమైనా పిల్లలు లేరు. జబ్బు బయటపడింది, ఆపరేషన్ అయింది, కీమో అయింది, మాత్ర మొదలై ఇంకా ఏడాది నిండలేదు. ఎప్పుడూ గోడవారగా నడిచి వచ్చే ఆ మనిషి ఆ రోజు గుమ్మంలో అడుగుపెడుతూనే మొహమంతా నవ్వు చేసుకుంది. వెనకాలే ఆమె అత్త, చేతిలో స్టీలు డబ్బా.

"నెల తప్పిందమ్మా" అంది అప్పలనర్సమ్మ.

మృణాళిని మొహం కూడా విప్పారింది. "చెప్పాను కదా తప్పుతుందని! కంగారు పడలేదు కదా?"

"కంగారెందుకమ్మా? తమరు సెప్పినట్టే అయిపోనాది."

"ఎన్ని మొక్కులు మొక్కినా అవ్వనేదు. ఈ పాప సేతి సలవ" అంటూ అత్త డబ్బా మూత తీసింది. చలిమిడి. పైన కొబ్బరి ముక్కలు, గసగసాలు. "కోడలి కడుపు సలవకని సేసినాను. ముందు మీరు నోట్లో ఏసుకోవాల."

నెలసరి ఆగిపోతే ఇంత సంబరమేమిటా అని మృణాళినికి అనిపించకపోలేదు. ఏ ఊరి ఆచారం ఎలా ఉంటుందో మనకేం తెలుసని సరిపెట్టుకుని, ఒక ఉండ నోట్లో వేసుకుంది. పెద్దమేడం మాత్రం డబ్బా వైపు చాపిన చేయి వెనక్కి తీసుకున్నారు. అలవాటుగా అడగవలసిన ప్రశ్న మృణాళిని అడిగింది.

"మాత్ర రోజూ వేసుకుంటున్నావు కదా?"

"నేదమ్మా, ఒగ్గేసినాను. నెల దాటిపోనాది."

"మానేశావా? ఎందుకు?"

"అదేటమ్మా, అలాగడుగుతారు? మాత్ర ఏసుకుంటే నెల తప్పుతాదని తమరే సెప్పినారు. తప్పింది. కడుపుతో ఉన్నోలు ఆ మాత్ర ఏసుకోకూడదని బయట గోడ మీద పెద్ద అచ్చరాలతో ఉంది. ఒగ్గేసినాను." ఇందులో అర్థం కాకపోవడానికి ఏముందన్నట్టు చూసిందామె.

చలిమిడి మృణాళిని గొంతుకు అడ్డం పడింది. రోగులతో ఇంగ్లీషు ముక్కలు మాట్లాడకూడదని పెద్దమేడం పట్టుదల. ఆ అమ్మాయి దాన్ని భక్తిగా పాటించేది. అంటే ఇంగ్లీషులో అనుకుని తెలుగులో అనేది. ఈ మాత్రకు పీరియడ్ మిస్సవుతుందని చెప్పవలసి వచ్చినప్పుడు పీరియడ్‌ను నెల చేసింది, మిస్సవడాన్ని తప్పడం చేసింది, మంచి తెలుగు మాట్లాడానని లోలోపల మురిసింది కూడా. నెల తప్పడమంటే కడుపు పండడమని తెలుగునాట చంటిపిల్లకు కూడా తెలుసు. ఈ పిల్లకూ తెలిసే ఉంటుంది, కానీ ఆ క్షణాన ఆమె చెవి ఇంగ్లీషులో ఉంది. ఆ ఒక్క మాట పట్టుకుని పలాసలో ఒక ఇల్లాలు ప్రాణం కాపాడే మాత్రను పక్కన పెట్టేసింది.

నిజంగానే కడుపైతే అదొక సంగతి, కాకపోతే ఇంకొక సంగతి. పరీక్ష చేయించారు. అత్తాకోడళ్ళు బయట బల్ల మీద కూర్చుని పుట్టబోయే బిడ్డకు ఎవరి పేరు పెట్టాలా అని మాట్లాడుకుంటున్నారు. ఆ మాటలు తలుపు సందులోంచి లోపలికి వినిపిస్తూనే ఉన్నాయి. కాసేపటికి పరీక్ష ఫలితం వచ్చింది. కడుపు లేదు.

మృణాళిని కళ్ళు నిండిపోయాయి. "ఇలా ఎలా చెప్పను మేడం? వచ్చే ఏడాదికల్లా తప్పకుండా పిల్లలు పుడతారని చెబుదాం. ఆ మాట మీదైనా నిలబడుతుంది."

"తప్పకుండానా?" అన్నారు పెద్దమేడం. "ఆ తప్పడంతో పడ్డ పాట్లు మనకు ఈ పూటకు చాలవూ?"

వాళ్ళను లోపలికి పిలిచారు. మృణాళిని ఈసారి తెలుగులోనే అనుకుని తెలుగులోనే చెప్పింది. ఈ మాత్రకు నెలసరి ఆగుతుందని చెప్పబోయి నెల తప్పుతుందన్నానని, తప్పు తనదేనని, కడుపు లేదని.

అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుని "ఈదంతా సెప్పీసినానే" అని గొణుక్కుంది. అప్పలనర్సమ్మ డబ్బా మూత తీసుకుని, సరిగ్గా పట్టేదాకా చుట్టూ నొక్కి నొక్కి పెట్టింది. ఎంత దుఃఖం వస్తోందో ఆ వేళ్ళను చూస్తే తెలుస్తోంది. ఏడవలేదు. తలెత్తి సూటిగా మృణాళినినే అడిగింది.

"మరింక నాకు పిల్లలు పుట్టరా? మా ఈదిలో అందరికీ తెలుసు, పుట్టరని. మా ఆడపడుసుకి తెలుసు. మందుల షాపోడికి కూడా తెలుసు. తమరు సెప్పండి."

మృణాళిని పెద్దమేడం వైపు తిరిగింది. ఆవిడ పొద్దున అన్నట్టే వింటూ కూర్చున్నారు. ఆదుకునే ఉద్దేశం ఆ మొహంలో ఏ కోశానా లేదు.

"తెలీదమ్మా" అంది మృణాళిని చివరికి. ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు. "వేరే దేశాల్లో కొంతమంది రెండేళ్ళ దాకా మాత్ర వేసుకుని, కొన్నాళ్ళు ఆపి, బిడ్డను కని, మళ్ళీ మొదలుపెట్టారు. మొదటి కొన్నేళ్ళలో వాళ్ళకు జబ్బు ఎక్కువగా తిరగబెట్టినట్టు కనపడలేదు. ఆ తర్వాత ఎలా ఉంటుందో ఇంకా చూస్తున్నారు. నీలాంటి వాళ్ళ సంగతి ఇక్కడ మేం ఇప్పుడే చూడడం మొదలుపెట్టాం. నీకు పుడతారో లేదో నాకు తెలీదు."

"తెలీదా?" అప్పలనర్సమ్మ నమ్మలేనట్టు పెద్దమేడం వైపు తిరిగింది. "పెద్ద డాక్టరమ్మా, తమకి?"

"నాకూ తెలీదమ్మా."

అప్పలనర్సమ్మ కాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆ మొహంలో మెల్లగా ఏదో కుదుటపడింది. అత్త మోచేయి పట్టుకుని ఊపింది.

"అత్తా, ఇన్నావా? డాక్టరమ్మలకే తెలీదంట!" శుభవార్త చెప్పినట్టే చెప్పింది. "మీ కూతురు నేదనీసింది. షాపోడు నేదనీసినాడు. ఈలు నేదన్నేదు సూడు."

"అన్నేదు. నానూ ఇన్నాను" అంది అత్త, కళ్ళు తుడుచుకుంటూ. ఆ ముసలావిడ గొంతులో పోయిన బలం తిరిగొచ్చింది. "మరి మాత్ర ఏం సెయ్యాలమ్మా?"

"ఇవాళ్టి నుంచే వేసుకోవాలి. మానకూడదు. రెండేళ్ళు నిండాక అందరం కూర్చుని మాట్లాడుకుందాం."

"ఇవాల్టి నుంచేటి, ఇప్పుడే" అంది అప్పలనర్సమ్మ. సంచిలో వెతికి మాత్రల అట్ట తీసింది. పారేయలేదు, పదిలంగానే దాచింది. మంచినీళ్ళు అడిగి పుచ్చుకుని, అక్కడే నిలబడి మాత్ర మింగింది. ఆ తర్వాత మీ పరిశోధనలో నన్నూ రాసుకోండని తనే అడిగింది. వెళ్ళేటప్పుడు అత్త డబ్బాను బల్ల మీదే వదిలేసింది. "సేసిందెలాగూ సేసినాను, మీరే తినీండి. తీపే గదా" అంది. ఇద్దరూ వరండాలో ఏదో మాట్లాడుకుంటూ, మధ్యలో ఒకసారి నవ్వుకుంటూ కూడా వెళ్ళిపోయారు.

మృణాళిని చాలాసేపు గుమ్మం వైపే చూసింది. పెద్దమేడం ఈసారి డబ్బా దగ్గరకు లాక్కుని చలిమిడి తుంచి నోట్లో వేసుకున్నారు. బాగుందన్నట్టు తలాడించారు.

"పొద్దున నేనడిగినదానికి మీరు జవాబు చెప్పనే లేదు మేడం" అంది మృణాళిని.

"అదలా ఉంచు. ఆ అమ్మాయి మాత్ర దేంతో మింగింది?"

"మంచినీళ్ళతో మేడం. నేనే కదా ఇచ్చాను."

పెద్దమేడం తర్వాతి మనిషిని పిలవమని సైగ చేస్తూ, "ఉట్టి నీళ్ళతోనేనా? నీ 'తెలీదమ్మా' కలవలేదూ అందులో?" అన్నారు.