తొట్టిలో పుట్టిన కొర్రమీను

ఎవరైనా ప్రశ్న అడిగితే లచ్చయ్యదాసు గారు జవాబు చెప్పరు, చెప్పులు వేసుకుంటారు. ఆయన వెంట నడిచి నడిచి శిష్యులమైన మాలో సగం మందికి జ్ఞానం వచ్చిందో లేదో గానీ, మోకాళ్ల నొప్పులు మాత్రం తప్పకుండా వచ్చాయి.

శ్రావణంలో ఒక పొద్దున చంద్రకళ వచ్చింది. టైలరింగ్ చేసుకునే పిల్ల. రెండేళ్ల వయసు నుంచి అనాథల హాస్టల్లో పెరిగింది. నెలాఖరుకు రాజలింగం అనే అబ్బాయితో పెళ్లి. అబ్బాయంటే ఇష్టమే. అయినా మధ్యాహ్నం బస్సుకు వెళ్లి, పెళ్లి వద్దని చెప్పి వస్తానని కూర్చుంది. ఎందుకమ్మా అని అడిగితే తల వంచుకుని అంది:

"నన్నెవరూ ఒళ్లో పెట్టుకుని సాకలె, అయ్యా. గంట కొడితే లేచిన, గంట కొడితే తిన్న. రేపు నాకో పిల్ల పుడితే, సాకుడు నాకెట్ల వస్తది?"

గురువుగారు చెప్పులు వేసుకున్నారు. మేమూ మూలుగుతూ లేచాం.

దారి ఊరి వెనక ఉన్న ఆయన కుంటకు. నడుస్తూ ఆ కుంట కథ చెప్పారు. మూడేళ్ల కిందట కరువుకు అది పూర్తిగా ఎండిపోతే, వానలు పడ్డాక హేచరీ నుంచి కొర్రమీను పిల్లలు తెచ్చి వదిలారట. సిమెంటు తొట్టెల్లో పుట్టి, వేళకు వేసే మేత తిని పెరిగిన చేపలవి. మనిషి అడుగు చప్పుడైతే చాలు, నోళ్లు తెరుచుకుని గట్టుకు వచ్చేస్తాయి. వాగులో పెరిగిన కొర్రమీనయితే గుడ్లు పెట్టాక ఆలుమగలు రెండూ కదలకుండా కాపలా కాస్తాయి. ఇవి మాత్రం నిరుడు ఈయన అడుగు వినగానే గుడ్లను గాలికొదిలేసి మేతకు పరుగెత్తుకొచ్చాయి. తిరిగి వెళ్లేసరికి గుడ్లు తోటి చేపల కడుపులో ఉన్నాయి. ఇదంతా వింటూ చంద్రకళ ముఖం ఇంకా చిన్నబోయింది. ఓదార్చే పద్ధతి ఇదేనా అని నాకు గురువుగారి మీద ఒళ్లు మండింది.

గట్టు మీద ఆయన గట్టిగా కాలు తాటించి, గుప్పెడు మేత చల్లారు. నీళ్లు ఉడుకుతున్నట్టు చేపలన్నీ వచ్చి పడ్డాయి. గడ్డిలోంచి ఒక పెద్ద చేప కూడా బయలుదేరింది. సగం దూరం వచ్చి ఆగింది. కాసేపు అలాగే ఉండి, వెనక్కి తిరిగింది. అది వెళ్లిన చోట నీటి మీద ఎర్రటి చేపపిల్లలు, వందల కొద్దీ, ఒకే ముద్దగా కదులుతున్నాయి. మోకాళ్ల నొప్పులు మరిచిపోయి మేమందరం గట్టు మీద వంగిపోయాం.

చంద్రకళ చెప్పులు విడిచి నీళ్లలోకి దిగింది. పిల్లల ముద్ద కిందికి మెల్లగా అరచెయ్యి పెట్టింది. తల్లి చేప రివ్వున వచ్చి వేలు కొరికింది. నెత్తురు చుక్క పొడుచుకొచ్చింది. చంద్రకళ చెయ్యి లాక్కుని పకపకా నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. మాలో ఎవరో బస్సు వేళవుతోందని గుర్తుచేస్తే, పోనంది. లగ్గం జాకెట్టు ఇంకా కుట్టుకోనే లేదంది. నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను.

గురువుగారు అరచేతికి అంటిన మేత దులుపుకున్నారు.

"దానికి తల్లి లేదు బిడ్డా, ఉన్నది తొట్టే. మరి ఆ కోపం దానికి ఎవరు నేర్పిండ్రు?"