ఏడో చోటు

చిన్న కథే, నోట్లో వక్కపలుకు నలిగేలోపు అయిపోతుంది. పోలినాయుడి పశువులసాలలో జరిగింది. పోలినాయుడంటే, సాలకి రేకులు వేయించుకుని, వాన చప్పుడికి నిద్ర పట్టడంలేదని ఊరందరి మీదా విసుక్కునే మనిషి. ఆయన అల్లుడు ఇంకా వింత. కోడి కూసినా లేవడు, కూర వాసనొస్తే లేస్తాడు. సరే, వాళ్ళ సంగతి మనకెందుకు. కథ పిల్లిది.

గేదె మేత మేసే గాడిలో పిల్లి మూడు పిల్లలు పెట్టింది. కళ్ళు తెరవని పిల్లలు, ఒక్కోటి గుప్పెడంత. వాటికి తగలకుండా గేదె మూతి పక్కకి తిప్పుకుని తినేది. అంత ఓపిక ఆ సాలలో ఇంకెవరికీ లేదు. కోడిపెట్టకి అసలే లేదు. ఒక గుడ్డు పెట్టి అరగంట చాటింపు వేసుకునే రకం అది.

పిల్లులకి ఒక ఆచారం ఉంది. పిల్లల్ని ఏడు చోట్లు తిప్పితేగాని కళ్ళు రావని నమ్ముతాయి. ఈ పిల్లి కూడా గడ్డివాము, పాత గంప, కట్టెల చాటు అంటూ తిప్పి తిప్పి, ఆరోసారికి మళ్ళీ గాడిలోకే తెచ్చుకుంది. అప్పటికి డొక్కలు ఎండిపోయాయి. ఇక తిప్పలేనని గేదెతో చెప్పుకుంది.

"ఇక్కడే ఉండవే అమ్మా. నన్ను దాటి ఎవడొస్తాడు? కళ్ళంటావా, వాటి రోజుకి అవే వస్తాయి," అంది గేదె.

గోడమీద గండుపిల్లి ఇది విన్నాడు. పసిపిల్లలు కనబడితే చంపుతాడని వాడికి పేరు. అందుకని పిల్లి జోలికి వెళ్ళలేదు. కోడిపెట్టని పలకరించాడు. దాని గుడ్లు మెచ్చుకున్నాడు. పాపం ఆ పిల్లలు గుడ్డివైపోతాయే అని నిట్టూర్చాడు. అటక మీద గోనెలు వెచ్చగా ఉంటాయని కూడా అన్నాడు. కోడికి అంత చాలు.

"వదినా, ఆరు తిప్పి ఏడోది ఎగ్గొడతావా? గుడ్డిపిల్లల తల్లివంటారు. అటక మీద గోనెలున్నాయిగా," అంది.

"ఎవరంటారు?"

"నేనే అంటాను."

పిల్లి మొదటిదాన్ని మెడ దగ్గర పట్టుకుని నిచ్చెన ఎక్కింది. దిగి, రెండోదాన్ని తీసుకెళ్ళింది. గేదె చూస్తూనే ఉంది. దాని పలుపు అటకదాకా రాదు. మూడోదాన్ని పట్టుకుని పిల్లి పైకెక్కేసరికి గోనెల మీద ఎవరూ లేరు. నెత్తురు మరక ఉంది. ఏడుద్దామంటే నోట్లో పిల్ల ఉంది. అలాగే దిగింది.

మర్నాడు గాడిలోనే ఆ పిల్ల కళ్ళు తెరిచింది. మొదట చూసింది గేదె మూతిని. ఆరోజు కోడిపెట్ట గుడ్డు పెట్టింది గాని, చప్పుడు చెయ్యలేదు. పిల్లి ఇప్పటికీ రోజూ ఒకసారి అటకెక్కి, గోనెలు వాసన చూసి దిగుతుంది.

నీతి అడుగుతారు కనుక చెబుతున్నాను: తల్లి దగ్గరికి సలహా మోసుకెళ్ళేముందు, అది ఎవరి నోట్లోంచి వచ్చిందో చూసుకోవాలి.

గండుపిల్లి సంగతంటారా? మిగిలిన పిల్ల కోసం ఆ మధ్యాహ్నమే గేదె కడుపు కిందుగా పాక్కుంటూ వచ్చాడు. గేదె నెమరేస్తూ మెల్లగా పడుకుంది. పొద్దు వాలాక లేచింది. వాడు లేవలేదు.