సితార అలక

అనగనగా రైళ్ళు ఆగే ఒక ఊళ్ళో మదారు, కాశింబీ అని మొగుడూ పెళ్ళాం ఉండేవాళ్ళు. వాళ్ళకి సితార అని ఒక జట్కా గుర్రం. పిల్లల్లేరురా కన్నా, అదే వాళ్ళకి పిల్ల.

సితార పొద్దస్తమానం స్టేషన్‌కీ బజారుకీ పరిగెత్తేది. ఇంటికి రాగానే కాశింబీ గంపెడు ఉలవలు ఉడికించి పెట్టేది. తిన్నదంతా పరుగులో కరిగిపోయేది.

అప్పుడు ఊళ్ళోకి ఆటోలొచ్చాయి. జట్కా ఎక్కేవాళ్ళే లేరు. మదారు కూరగాయల బండి పెట్టుకున్నాడు.

"ఇంకా ఎందుకే ఆ గుర్రం? అమ్మెయ్యరాదూ?" అంది పక్కింటావిడ.

"ముందు మీ ఆయన్ని అమ్ము, తర్వాత చూద్దాం!" అంది కాశింబీ.

ఇన్నాళ్ళూ మనకి తిండి పెట్టింది, ఇక నిలబడి తిననీ అనుకుంది. గంపెడు ఉలవలూ తగ్గించకుండా గంపెడే పెట్టింది. పైన బెల్లం కూడా.

ఆ తర్వాత సితార మెడ లావెక్కింది. మహారాణిలా ఉందని కాశింబీ మురిసిపోయింది.

ఆ తర్వాత సితార ముందుకాళ్ళు చాపి, బరువంతా వెనక్కి వేసి నిలబడసాగింది. సోకులు పోతోందని కాశింబీ నవ్వింది.

ఆ తర్వాత ఓ రోజు అడుగే పడలేదు. గిట్ట ముట్టుకుంటే పెనంలా కాలుతోంది. మేకు దిగిందేమోనని మదారు లాడం ఊడదీశాడు. ఏమీ లేదు. నీరసమేమోనని కాశింబీ ఇంకాసిన్ని ఉలవలు పెట్టింది, పిచ్చిది.

అప్పుడు పశువుల డాక్టరొచ్చాడు. "జబ్బు మొదలైంది కాల్లో కాదమ్మా, తిండిలో. పరిగెత్తే గుర్రం తిండి నిలబడ్డ గుర్రానికి పెట్టావు. ఖర్చుకాని తిండి ఒంటికి చేటు చేసింది, గిట్టలో ఎముకని పట్టుకుని ఉండే పొర వాచిపోయింది. ఉలవలూ బెల్లమూ ఆపెయ్. ఉత్త ఎండుగడ్డి పెట్టు."

కాశింబీ ఆపేసింది. సితార ఖాళీ గంపని మూతితో నెట్టేది. సకిలించేది. కాశింబీ లోపలికెళ్ళి చెవులు మూసుకునేది. చివరికి సితార అలిగింది. ఆమె వస్తే మొహం తిప్పేసుకునేది.

"నా మీద ప్రేమ పోయిందనుకుంటోందయ్యా," అని ఏడ్చింది కాశింబీ. "దానికెట్లా చెప్పను?"

మదారు ఎండుగడ్డి తెచ్చి సితార ముందు వేశాడు.

అప్పటికే పొర పట్టు తప్పి గిట్టలో ఎముక జారిపోయింది. సితార పడుకుంది, మళ్ళీ లేవలేదు. "ఇక ఏం పెట్టినా ఒకటేనమ్మా," అన్నాడు డాక్టరు.

కాశింబీ పరుగున వెళ్ళి ఉలవలు ఉడికించింది. దోసిట్లో పోసుకొచ్చి దాని మూతి దగ్గర పట్టుకుని కూర్చుంది. ఉలవలు చల్లారిపోయాయి. సితార కళ్ళు మూసుకుంది.

"అలక తీరిందా అమ్మమ్మా?"

తెలీదు కన్నా. కాశింబీకీ తెలీలేదు.

సితార మట్టిలోకి,
కథేమో కంచిలోకి,
నువ్వూ నేనూ దుప్పట్లోకి.