తన గేదెను తానే పాడుకున్న జకరయ్య

రేపల్లె దాటాక కృష్ణ ఒడ్డున ఉన్న ఒక లంక గ్రామంలో జకరయ్య అనే రైతు ఉండేవాడు, దేవుడు ఏమిచ్చినా అందులో ఒక వంక వెతికితే గానీ ఆయనకు నిద్ర పట్టేది కాదు. వాన కురిస్తే ఆలస్యమైందనేవాడు. పైరు బాగుంటే పక్కవాడిది ఇంకా బాగుందనేవాడు. ఆదివారం మందిరంలో అందరూ లేచి ఆ వారం అందుకున్న మేలు చెప్పి స్తోత్రం చేస్తుంటే, జకరయ్య మాత్రం తనకు ఇంకా రావలసినవన్నీ ఏకరువు పెట్టి కూర్చునేవాడు.

ఇంట్లో ఆయన సణుగుడంతా గేదె మీదే. అది చిక్కటి పాలిచ్చేది, కానీ అప్పుడప్పుడూ తన్నేది. ఒకనాడు పాలచెంబును ఎగరగొట్టేసరికి ఆయన దాన్ని వదిలించుకోవాలని నిర్ణయించుకున్నాడు. కోతల పండుగ దగ్గర పడింది. ఆ పండుగకు ఊళ్లోవాళ్లు గుమ్మడికాయో, కోడిపుంజో, ఉన్నదాంట్లో ఒకటి మందిరానికి ఇచ్చేవారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేసేవారు. గేదెను ఇచ్చేస్తే పీడా పోతుంది, పేరూ వస్తుంది. స్వామి కార్యమూ స్వకార్యమూ ఒకేసారి తీరతాయని జకరయ్య మురిసిపోయాడు.

"మరి పిల్లకు పాలెక్కడివయ్యా?" అంది భార్య లేయమ్మ. వాళ్ల చిన్నపిల్ల సూసన్న వరదల్లో జ్వరపడి లేచింది. ఇంకా అన్నం సరిగా తినలేకపోతోంది. లంకలో ఎవరింటా మిగులు పాలు లేవు.

"దేవుడికిచ్చే దగ్గర లెక్కలు చూడకూడదే," అన్నాడు జకరయ్య, ఎన్నడూ లేని భక్తితో.

పండుగనాడు గేదె మెడలో బంతిపూల దండ వేసి తోలుకొచ్చాడు. జనం ముక్కున వేలేసుకున్నారు. అయితే ఆ మందిరంలో ఒక ఆనవాయితీ ఉంది. తెచ్చినదానివల్ల తమకు కలిగిన మేలేమిటో నలుగురిలో చెప్పి, దేవుడికి స్తోత్రం చెల్లించాకే వేలం పాట మొదలవుతుంది. గుమ్మడికాయ తెచ్చిన ముసలమ్మ సైతం ఆ పాదు ఎండాకాలమంతా తన పాకను ఎలా చల్లగా ఉంచిందో చెప్పింది.

జకరయ్య వంతు వచ్చింది. వంకలు పెట్టమంటే పొద్దుగూకేదాకా పెట్టగలడు. మేలు చెప్పమనేసరికి గేదెను ఎగాదిగా చూశాడు. చివరికి, పాలిస్తుందన్నాడు. అది మీకు బాగా అక్కరకొచ్చింది ఎప్పుడని పాస్టరు అయ్యగారు మెల్లగా అడిగారు.

"వరదప్పుడండీ," అన్నాడు జకరయ్య. ఆనాడు పడవలు నిలిచిపోయాయి. ఏం పెట్టినా సూసన్న కడుపులో ఇమడలేదు. గేదె మాత్రం మోకాలిలోతు నీళ్లలో నిలబడి, తడిసిన గడ్డే మేసి, రెండు పూటలా పాలిచ్చింది. అదంతా చెబుతూ ఆయన గేదె మెడ నిమిరాడు.

"నా బిడ్డను బతికించింది ఇదేనండీ. దీన్ని నా కొట్టంలో కట్టింది ఆ దేవుడే. నేను ఒక్కనాడూ ఆయనకు స్తోత్రం చెప్పలేదు," అన్నాడు.

ఆ మాటలు విని, ఆవలి ఒడ్డు నుంచి వచ్చిన గిద్యోను గేదె కోసం వేలం పాట అందుకున్నాడు. ఆయన పాడి రైతు, జకరయ్యకు వరసకు బావ. గేదె నిజంగానే పోతుందని జకరయ్యకు అప్పుడు తట్టింది. ఒకసారి ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోవడం కుదరదు. గేదె రేవు దాటిందంటే పిల్ల నోటి దగ్గర పాలు పోయినట్టే. అందుకని తనూ పాట మొదలుపెట్టాడు. చేతిలో డబ్బు లేక కొత్త వడ్ల బస్తాలు ఇస్తానన్నాడు. గిద్యోను పెంచాడు. జకరయ్య ఇంకా పెంచాడు. సొంత గేదె కోసం పోటీపడి పాడుతున్న మనిషిని చూసి జనం పొట్ట పట్టుకుని నవ్వారు. చివరికి జకరయ్య వేసవి తిండికని దాచిన వడ్లు కూడా పాటలో పెట్టేశాడు.

గిద్యోను ఇక పాడనని చేతులు జోడించాడు. పాట జకరయ్యదే అయింది.

"ఈ నాలుగు మాటలు నిన్న నీ కొట్టంలోనే చెప్పుకుని ఉంటే, వడ్లు నీ ఇంట్లోనే ఉండేవి కదా బావా," అన్నాడు గిద్యోను.

జకరయ్య తలపాగా తీసి, అందరితో పాటు తనూ నవ్వాడు. "వడ్లు మళ్లీ పండుతాయిలే బావా," అని గేదె పలుపు అందుకున్నాడు. ఆ సాయంత్రం సూసన్న గ్లాసు నిండా పాలు తాగుతుంటే, మొగుడూ పెళ్లాలిద్దరూ పక్కనే మోకరించి దేవుణ్ణి స్తుతించారు.

నీతి: దేవుడిచ్చిన మేలు మన చేతిలో ఉన్నప్పుడే, రోజూ దానికి కృతజ్ఞత చెప్పాలి. చేజారాక విలువ తెలుసుకోవాలంటే చాలా ఖరీదవుతుంది.